కొండపల్లిలో బొమ్మలు చేసే ఇళ్ళ తలుపులు నెలకో ఆదివారం తీయించండి, కానీ ఊరికే కాదు

సంపాదకులు గారికి నమస్కారం అండి,

సంక్రాంతి ముందు మీ పేపర్లో బొమ్మల కొలువుల ఫొటోలు వేశారు కదా, అన్నీ కత్తిరించి దాచుకున్నాను, చాలా బావున్నాయి. రెండోసారి చూస్తుంటే ఒకటి కనపడింది నాకు, అన్నిట్లోనూ బొమ్మలున్నాయి, కొలువు పెట్టిన ఆడవాళ్ళున్నారు, పట్టుపావడాలేసుకున్న పిల్లలున్నారు, ఆ బొమ్మ చేసినాయన మాత్రం ఒక్క ఫొటోలో కూడా లేడు. మిమ్మల్ని తప్పు పట్టట్లేదండి, మా ఇంట్లో పెళ్ళైన దగ్గర్నుంచి కొలువు పెడుతున్నా నేనే చాలా ఏళ్ళ పాటు వాళ్ళ గురించి ఆలోచించలేదు. ఉండేది విజయవాడ భవానీపురంలో, పిల్లలకి డ్రాయింగ్ నేర్పించే ఉద్యోగం, కొండపల్లి ఏమన్నా దూరమా అంటే గొల్లపూడి, గుంటుపల్లి దాటి ఇబ్రహీంపట్నం దగ్గర తిరిగితే వచ్చేస్తుంది, అయినా వెళ్ళలేదు. కోట చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా రోడ్డు మీద షాపులో రెండు బొమ్మలు కొనుక్కుని బస్సెక్కేశాం.

నా మనసు మారింది ఒక ఏనుగు వల్ల. మా అత్తగారి ట్రంకు పెట్టెలో పాత పంచెల ముక్కల్లో చుట్టిపెట్టిన కొలువు బొమ్మలుండేవి, దశావతారాలు, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, పల్లకీలో పెళ్ళికూతురు, వాటన్నిట్లో పెద్దది అంబారీ ఏనుగు. ఒక సంవత్సరం పెట్టె దింపుతుంటే చెయ్యి జారి మావటివాడి చెయ్యి విరిగింది, ఏనుగు తొండం చివర కూడా పోయింది. అత్తగారు ఏమీ అనలేదు కానీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఫెవికాల్‌తో అంటిద్దామంటే విరిగిన ముక్క దొరకలేదు, సరే అసలు చేసినోళ్ళ దగ్గరికే తీసుకెళ్దామని టవల్లో చుట్టుకుని కొండపల్లి బస్సెక్కాను.

బొమ్మల కాలనీలో మొదటి రెండు షాపుల్లో కొత్తది తీసుకోండమ్మా పాతదెందుకు అన్నారు, అది వాళ్ళ వ్యాపారం, తప్పులేదు. మూడోచోట ఒక పెద్దాయన ఏనుగుని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి బరువు చూశాడు, అడుగున గోటితో గీరి చూశాడు, పాత పొణికేనమ్మా, లోపలికి రండి అన్నాడు. పొణికి అంటే ఈ బొమ్మలు చేసే తెల్లపొణికి చెక్క. షాపు వెనకాల ఇల్లు, ఇంటి వసారాలోనే పని. నేల మీద గోనెసంచి, దాని మీద చెక్క పేళ్ళు, బాడిస, ఉలులు, ఆకురాళ్ళు, పక్కన గిన్నెలో ముద్దలాగా ఏదో ఉంది, మూల సన్నటి సెగ మీద చెక్క ముక్కలు కాగుతున్నాయి. పచ్చి చెక్కలో నీరుంటుందంట, అది పూర్తిగా పోకపోతే చెక్కిన తర్వాత పగులుతుందంట, అందుకని ముందు ఎండలో ఆరబెట్టి, తర్వాత సెగ చూపిస్తారు. ఇంత చిన్న సంగతి నేను ముప్పై ఏళ్ళు బొమ్మలు చూసి కూడా వినలేదండి.

ఆయన ఒక చిన్న ముక్క తీసుకుని మావటివాడి చెయ్యి చెక్కాడు, మాట్లాడుతూనే చెక్కాడు, నావైపు చూస్తూనే చెక్కాడు, చూస్తుండగానే మోచెయ్యి వచ్చింది, పిడికిలి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, ఏనుగంతా ఒకే దుంగలో చెక్కిందని అనుకునేదాన్ని, అస్సలు కాదు, ఒళ్ళు వేరే, చెవులు వేరే, తొండం వేరే, దంతాలు వేరే, అంబారీ వేరే, పైన మనిషి వేరే, అతని చేతులు కూడా వేరేగా చెక్కి అతికిస్తారు. అతికించేది ఆ గిన్నెలో ముద్దతో, దాన్ని మక్కు అంటారు, చింతగింజల పిండి, రంపప్పొట్టు కలిపి చేస్తారు. అతుకు మీద ఆ మక్కు మెత్తి, ఆరాక ఆకురాయితో రుద్దితే రెండు ముక్కలని ఎవరూ చెప్పలేరు, దాని మీద తెల్లటి సుద్ద పూత, ఆ తర్వాత రంగులు. ఆరాలి కదా, రేపు రండమ్మా అన్నాడు, మర్నాడెళ్తే సుద్ద ఆరాలి రేపు రండి అన్నాడు. మూడోరోజు ఆయన భార్య సన్నటి కుంచెతో రంగులేసింది, చివర్లో మావటివాడి కళ్ళు దిద్దింది, కళ్ళు నేను దిద్దనమ్మా, మా ఇంట్లో ఆవిడదే ఆ పని అని ఆయన చెప్పాడు, ఆవిడ ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క పెట్టింది, అంతే, బొమ్మ మనల్ని చూడ్డం మొదలెట్టింది. పిల్లలకి కళ్ళు గీయడం నేర్పించే నేను అలా ఒక్క చుక్కతో ఎప్పుడూ గీయలేదు.

ఎంత ఇమ్మంటారు అంటే యాభై ఇవ్వండి చాలు అన్నాడు. మూడు రోజులు నాకోసం వాళ్ళ పని ఆపుకున్నారు కదండీ, ఎలా చాలుతుంది. బలవంతాన ఎక్కువ ఇచ్చాను. ఆ ముందు సంవత్సరమే ఒక ఎగ్జిబిషన్లో నాలుగొందల యాభై చెప్పిన ఎడ్లబండిని బేరమాడి మూడొందలకి తెచ్చి, ఇంటికొచ్చి అందరికీ గొప్పగా చెప్పుకున్నాను, ఆ బండికి చక్రాలెన్ని, ఎడ్లెన్ని, కాళ్ళెన్ని, కొమ్ములెన్ని అని వసారాలో కూర్చుని లెక్కపెట్టుకుంటే తల దించుకోవాల్సొచ్చింది. ఆ తర్వాత ఏ బొమ్మకీ బేరమాడలేదు, ఆడలేకపోయాను.

ఇంకోటి కూడా జరిగింది, ఇది మీ పాఠకులు బాగా గుర్తుపెట్టుకోవాలి. తెల్లపొణికి చెక్క చేతిలోకి తీసుకుంటే ఆశ్చర్యంగా తేలిగ్గా ఉంటుంది, అంత పెద్ద ఏనుగు కూడా పిల్లలు ఒంటి చేత్తో ఎత్తగలరు. ఒకసారి చెయ్యి దానికి అలవాటు పడితే ఇంక మోసపోం. తర్వాత ఎక్కడో ఒక స్టాల్లో కొండపల్లి బొమ్మలు అని చీటీ పెట్టి అమ్ముతున్న బొమ్మ ఎత్తి చూస్తే రాయిలా బరువుంది, అచ్చు పోసింది అది, అతుకుల దగ్గర గీత కూడా ఉంది. ఫొటోలో రెండూ ఒకేలాగా ఉంటాయండి. కొండపల్లి బొమ్మలకి భౌగోళిక గుర్తింపు, అంటే ఆ ఊరి పేరు ఆ ఊరి సరుక్కే చెందాలనే జీఐ గుర్తింపు, వచ్చి పదిహేనేళ్ళు దాటింది, ఆ గుర్తింపు ఉందని కొనేవాళ్ళలో ఎందరికి తెలుసు, తెలిసినా అసలుదేదో నకిలీదేదో ఎలా పట్టుకుంటారు? పని జరిగే చోట కూర్చుని ఒక్కసారి ఆ చెక్క ముట్టుకుంటే చాలు.

అందుకే అంటున్నాను, ఆ వసారాలు జనం చూడాలి. షాపు కాదు, షాపు వెనక వసారా. టీవీల్లో, యూట్యూబ్‌లో చూపిస్తున్నారు కదా అంటారు, వీడియోలో మక్కు వాసన రాదు, సుద్ద చేతికంటదు, నేను అడిగిన ప్రశ్నకి ఎదురుగా కూర్చుని జవాబు చెప్పే మనిషి ఉండడు.

కానీ ఇక్కడే నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ లెటర్‌కి విలువుండదు. ఏనుగు బాగయ్యాక ఆ ఉత్సాహంలో మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళాను. పర్మిషన్ కోసం చాలా తిరగాల్సొచ్చింది, సిలబస్‌లో లేదన్నారు, పరీక్షలన్నారు, చివరికి ఒప్పుకున్నారు, ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ఇద్దరు టీచర్లం. ఆ పెద్దాయన వద్దనలేదు. పది అడుగుల వసారాలో పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు ఎక్కి కూర్చున్నారు, ఆయన చిలకని చెక్కి చూపించాడు, ఒక్కో పిల్లాడికి ఆకురాయి ఇచ్చి రుద్దించాడు, ఇంట్లో అమ్మాయి మంచినీళ్ళు మోసి మోసి అలిసిపోయింది, ఉన్న ఒక్క బాత్‌రూమ్ ముందు క్యూ కట్టారు, ఒక పిల్లాడు ఆరబెట్టిన బొమ్మల పళ్ళెం తన్నేశాడు. సాయంత్రం నాలుగింటికి బయల్దేరుతుంటే పిల్లలందరం కలిసి థాంక్యూ తాతయ్యా అని అరిచాం, ఆయన నవ్వాడు, మేం బస్సెక్కేశాం. పిల్లల దగ్గర డబ్బుల్లేవు, ఎవరో ఇద్దరు చిన్న బొమ్మలు కొన్నారు అంతే. బస్సులో సగం దారిలో నాకు తట్టింది, ఆ రోజు వాళ్ళింట్లో ఒక్క బొమ్మ కూడా తయారవలేదు, మొగుడూ పెళ్ళాల ఇద్దరి కూలీ పోయింది, పాడైపోయిన బొమ్మలు అదనం. మర్నాడే మళ్ళీ వెళ్ళి డబ్బులిచ్చాను, తీసుకోనన్నాడు, పిల్లలొచ్చారు కదమ్మా అన్నాడు, ఆవిడ చేతిలో పెట్టొచ్చాను. ఆవిడ తీసుకుంది. తీసుకుంటూ ఒకే ఒక మాటంది, నెలకిలా నలుగురొస్తే మేం ఏం తినాలమ్మా, అని. కోపంగా అనలేదు, ఉన్నమాట అంది.

ఈ మాట నేను ఎక్కడికెళ్ళినా చెప్తుంటాను. కళాకారులు తమ ఇళ్ళు జనానికి తెరవాలి అని మనం అడుగుతున్నామంటే, వాళ్ళ పని గంటలు అడుగుతున్నాం. ముక్కకింత అని సంపాదించే మనిషికి చూపించడం కూడా పనే, దానికి కూలీ ఉండాలి. అధికారులు ఎవరన్నా వచ్చినప్పుడు, మేళాలప్పుడు డెమో ఇమ్మని కూర్చోబెట్టడం, ఫొటోలు దిగడం, శాలువా కప్పడం, ఇవన్నీ అయ్యాక ఇంటికెళ్ళి అర్ధరాత్రి దాకా ఆర్డరు పూర్తి చేసుకునేది వాళ్ళే.

నా ఆలోచనేంటంటే నెలకి ఒక్క ఆదివారం, ఒకటే, అది ఏ ఆదివారమో ఏడాది ముందే అందరికీ తెలియాలి. కాలనీలో ఇష్టమున్న ఇళ్ళు మాత్రమే, ఒకసారికి ఐదారు ఇళ్ళు, వంతులవారీగా, బలవంతం ఎవరికీ వద్దు, ఇంట్లో ఆడవాళ్ళు సరే అంటేనే ఆ ఇల్లు లిస్టులో పెట్టాలి ఎందుకంటే అది వాళ్ళు వండుకునే ఇల్లు, పిల్లలు చదువుకునే ఇల్లు. చూడ్డానికి టికెట్ పెట్టాలి. పెద్దవాళ్ళకి వంద అనుకోండి, పిల్లలకి ఇరవై, ఆ డబ్బు మొత్తం ఆ రోజు తలుపు తీసిన ఇళ్ళకి సమానంగా పంచాలి, ఎవరింట్లో ఎక్కువ అమ్ముడయ్యాయి అన్నదాంతో సంబంధం లేకుండా. జనం తక్కువొచ్చి టికెట్ డబ్బు రోజుకూలికి చాలకపోతే మిగతాది పర్యాటక శాఖో మున్సిపాలిటీయో వేసి ఇవ్వాలి, అదేమంత పెద్ద ఖర్చు కాదు, ఒక స్టేజీ వేసి మైకులు పెట్టి చేసే సభకయ్యే దాంట్లో ఎన్నో వంతు. ఒక ఇంట్లోకి ఒకేసారి పది పన్నెండు మంది కంటే ఎక్కువ వెళ్ళకూడదు. కాలనీ మొదట్లో ఒక షామియానా, కూర్చోడానికి బెంచీలు, తాగే నీళ్ళు, శుభ్రమైన బాత్‌రూములు, ఇవి ఇళ్ళవాళ్ళ నెత్తిన వెయ్యకుండా బయట ఏర్పాటు చెయ్యాలి. ఇబ్రహీంపట్నం టర్నింగులో ఒక పెద్ద బోర్డు.

సమానంగా పంచాలని ఎందుకంటున్నానంటే పూరీ యాత్రకెళ్ళినప్పుడు దగ్గర్లో రఘురాజ్‌పూర్ అనే ఊరు చూశాం. పటచిత్రాలు వేసే ఊరు, ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు, మధ్యలో చిన్న చిన్న గుళ్ళు, ఇంటి గోడల నిండా బొమ్మలు, ప్రతి అరుగు మీదా ఎవరో ఒకరు గుడ్డ మీద గీస్తూనో, తాటాకు మీద ఇనప గంటంతో చెక్కుతూనో ఉంటారు. వారసత్వ సంపదని కాపాడే ఇంటాక్ సంస్థ వాళ్ళు 2000 సంవత్సరం ప్రాంతంలో దాన్ని వారసత్వ గ్రామంగా తీర్చిదిద్దారు, ఒడిస్సీ నాట్య గురువు కేలూచరణ్ మహాపాత్ర పుట్టిన ఊరు కూడా అదే. చూస్తుంటే కడుపు నిండిపోయింది నాకు, ఊరంతా ఒక స్టూడియో, పిల్లలు బడి నుంచొచ్చి సంచి పక్కన పడేసి కుంచె పట్టుకుంటున్నారు. అదే సమయంలో మేము నడుస్తుంటే ప్రతి గుమ్మం నుంచీ మా ఇంటికి రండి మా ఇంటికి రండి అని పిలుపులు, ఒకింట్లో కొంటే పక్కింటాయన మొహం చిన్నబోయింది. వాళ్ళని తప్పు పట్టలేం, చూపించినందుకు డబ్బు లేదు, అమ్మితేనే డబ్బు, అప్పుడు పిలవక ఏం చేస్తారు. టికెట్ ఉండి అది అందరికీ పంచితే ఆ పోటీ సగం తగ్గుతుందని నా నమ్మకం. మనవాళ్ళు మొదలుపెట్టేటప్పుడే ఇది చూసుకుంటే మంచిది, తర్వాత సరిచెయ్యడం కష్టం, ఆటోవాళ్ళ కమిషన్లు, గైడ్ల కమిషన్లు ఒకసారి మొదలయ్యాయంటే వదలవు.

ఏ నెలల్లో పెట్టాలన్నది వాళ్ళనే అడగాలి, మనం ఆఫీసులో కూర్చుని క్యాలెండర్ వేసెయ్యకూడదు. దసరా ముందు, సంక్రాంతి ముందు ఆర్డర్లతో వాళ్ళకి ఊపిరాడదు, అప్పుడు జనాన్ని పంపితే అది సాయం అవదు. వానాకాలంలో చెక్క ఆరదు, మక్కు ఆరదు, రంగు ఆరదు, పని నెమ్మదిస్తుంది, చేతిలో డబ్బూ తగ్గుతుంది, ఆ నెలల్లో టికెట్ డబ్బులొస్తే అక్కరకొస్తాయి. వానలో జనం వస్తారా అంటే, కొండపల్లి కొండలు పచ్చగా ఉండేది అప్పుడే, రెడ్డిరాజుల కోట కూడా అప్పుడే చూడాలి, పులిహోర కట్టుకుని బయల్దేరే కుటుంబాలు మన విజయవాడలో తక్కువా ఏంటి.

స్కూలు పిల్లల సంగతి వేరేగా చూడాలి, ఆదివారంలో కలపకూడదు. స్కూళ్ళ కోసం ఒక శనివారం పెట్టి, కళాకారుల్ని ఒక హాల్లోకి పిలిచి, రోజుకూలీ ముందే కట్టి, ప్రతి పిల్లాడి చేతికీ చెక్కిన చిన్న చిలక ఒకటి, రంగులు ఇచ్చి వేయించాలి. వాడు వేసుకున్న చిలక వాడు ఇంటికి తీసుకెళ్ళాలి. ఆ రోజు ఆకురాయి పట్టుకున్న ముప్పై ఎనిమిది మందిలో ఒకమ్మాయి ఇప్పుడు ఇంటీరియర్ డిజైన్ పని చేస్తోంది, మొన్న బజార్లో కనపడి టీచర్ మీరు కొండపల్లి తీసుకెళ్ళారు గుర్తుందా, ఆ తాతయ్య నా చెయ్యి పట్టుకుని రుద్దించాడు అంది. నేను నేర్పించిన పాఠం ఒక్కటి కూడా దానికి గుర్తులేదండి, ఆకురాయి గుర్తుంది.

వాళ్ళకున్న ఒక భయం గురించి కూడా చెప్పాలి, ఇది బయటివాళ్ళకి తట్టదు. వసారాలోకి వచ్చి ఫోనులో ప్రతి కోణంలోంచీ వీడియో తీసుకుపోతారు, కొత్తగా ఏదన్నా బొమ్మ ఊహించి చేస్తే రెండు నెలల్లో అదే బొమ్మ అచ్చు పోసి ఎక్కడో సగం రేటుకి అమ్ముతారని వాళ్ళ బాధ. ఒక కుర్రాడు, ఇంటర్ చదివి తండ్రితో కూర్చున్నాడు, కొత్త డిజైన్ల మీద గుడ్డ కప్పి ఉంచాడు, ఎందుకు బాబూ అంటే ఇదే చెప్పాడు. కాబట్టి ఇంటి వాళ్ళు సరే అంటేనే ఫొటో, అడక్కుండా వీడియో తియ్యకూడదు అని గుమ్మంలో పెద్దక్షరాలతో రాసి పెట్టాలి, పాటించని వాళ్ళకి మర్యాదగా చెప్పే వాలంటీరు ఒకరుండాలి. అలాగే బేరం లేదు అని కూడా రాయాలి. ధర చీటీ మీద ఉంటుంది, ఇష్టమైతే తీసుకోవాలి లేకపోతే చూసి వెళ్ళాలి, చూసి వెళ్ళడానికే టికెట్ కొన్నాం కదా, కొనలేదని ఎవరూ చిన్నచూపు చూడరు.

ఇంక చెక్క. బొమ్మకి తెల్లపొణికి ఒక్కటే పనికొస్తుంది, అది ఆ కొండల అడవిలోదే, రాను రాను దొరకడం కష్టమైపోయిందని ప్రతి ఇంట్లోనూ చెప్తారు. తెరిచిన ఇల్లు చూపించేటప్పుడు చెట్టుని కూడా చూపించాలండి. కోటకెళ్ళే దారిలో పొణికి చెట్లు నాటించి, ఇదే తెల్లపొణికి అని ఒక పలక కట్టిస్తే, పైకెక్కే వాళ్ళకి దారిలోనే తెలుస్తుంది కింద చేతిలో పట్టుకున్న బొమ్మ ఇందులోంచి వచ్చిందని. మొక్క చెట్టయ్యి నరకడానికి వచ్చేదాకా ఏళ్ళు పడుతుంది, అందుకే ఇప్పుడు మొదలుపెట్టాలి, అటవీ శాఖ వాళ్ళూ హస్తకళల వాళ్ళూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని. నాలుగొందల ఏళ్ళ కిందట రాజస్థాన్ వైపు నుంచి వచ్చామని ఈ బొమ్మలు చేసే ఆర్యక్షత్రియ కుటుంబాల పెద్దలు చెప్పుకుంటారు, అంత దూరం నుంచొచ్చిన వాళ్ళని ఇక్కడ పట్టి ఉంచింది ఈ చెట్టే కదా, చెట్టు లేకపోతే ఇంక వసారాలో చూడ్డానికేముంటుంది.

కొండపల్లి ఒక్కటే ఎందుకు అని కొందరు అడగొచ్చు, నేను దగ్గర్లో ఉన్నాను కాబట్టి, నాకు తెలిసిన వసారాలు అవి కాబట్టి. అనకాపల్లి జిల్లాలో లక్కబొమ్మలు చేసే ఏటికొప్పాకకి మాత్రం రెండుసార్లెళ్ళాను. వరాహ నది ఒడ్డు, అంకుడు కర్ర, లేత్ మిషను మీద గిర్రున తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి రంగులా పట్టుకుంటుంది, మొగలి ఆకుతో అదిమితే అద్దంలా మెరుస్తుంది, పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగులు కాబట్టి పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో ఆ ఊరి బొమ్మల కళాకారుడు సి.వి.రాజు గారికి పద్మశ్రీ వచ్చింది, 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీలో మన శకటం మీద ఏటికొప్పాక బొమ్మలే వెళ్ళాయి, దేశమంతా చూసింది, నేనూ టీవీ ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత ఎంతమంది ఆ ఊరికెళ్ళి ఆ లేత్ ముందు కూర్చున్నారు? ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు, తోలుని గీకి గీకి వెలుతురు పారేలా పలచన చేసి రంగులేసే ఆ పని దీపం ముందు పెట్టి చూస్తే తప్ప అర్థంకాదు. తెలంగాణలో భూదాన్ పోచంపల్లిని 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది, హైదరాబాద్ దగ్గరవ్వడం వల్ల మా అమ్మాయి వాళ్ళు వెళ్ళొచ్చారు, నేసేముందు దారాన్ని ముడులు కట్టి రంగులో ముంచడం మా మనవరాలు కళ్ళారా చూసింది, అప్పట్నుంచీ చీర అంచు మీద డిజైన్ ఎక్కడ కలిసింది ఎక్కడ కొంచెం జరిగింది అని వేలు పెట్టి వెతుకుతుంది. చేర్యాలలో గుడ్డ మీద కథల బొమ్మలు వేసే నకాషీ వాళ్ళు, కాళహస్తి కలంకారీ వాళ్ళు, మనకి దగ్గర్లో పెడనలో గుడ్డ మీద అచ్చులద్దే వాళ్ళు, అందరి దగ్గరా పని ఇళ్ళల్లోనే, షెడ్లల్లోనే జరుగుతుంది, తెరవాలంటే పెద్ద బిల్డింగులేమీ కట్టక్కర్లేదు.

కట్టడం అంటే గుర్తొచ్చింది, దయచేసి ఇంకో కాంప్లెక్సు కట్టి అందులో గాజు అద్దాల వెనక కళాకారుల్ని కూర్చోబెట్టకండి. పని వసారాలో, ఇంటి నీడలో, వంటింట్లోంచి పోపు వాసనొస్తుంటే, పక్కన ముసలావిడ చింతగింజలు దంచుతుంటే జరగాలి, అది అక్కడ అలా జరుగుతుంది కాబట్టే మనం చూడ్డానికి వెళ్ళాలి. ఉన్న ఇళ్ళకి వసారా కప్పు కారుతుంటే బాగుచేయించండి, వెలుతురు చాలకపోతే ఒక మంచి లైటు పెట్టించండి, పాపం పెద్దవాళ్ళకి కళ్ళద్దాలు ఇప్పించండి, రంగులేసే ఆడవాళ్ళ మెడలు, నడుములు పట్టేసి ఉంటాయి, కూర్చునే చోటు కొంచెం ఎత్తుగా, వీపుకి ఆన్చుకునేలా చేయించండి. ఇవన్నీ ఒక స్టేజీ ఖర్చు కూడా కావు.

ఏనుగు బాగుచేసిన ఆ పెద్దాయన ఇప్పుడు లేరండి. ఆవిడ ఉన్నారు, చూపు తగ్గింది, కళ్ళు దిద్దడం కోడలికి నేర్పించారు. పోయిన నెల వెళ్తే కోడలు దిద్దుతుంటే ఆవిడ పక్కన కూర్చుని చేతి మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టు, ఇప్పుడు పెట్టు అంటున్నారు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను, లోపలికి వెళ్తే చుక్క చెదురుతుందేమోనని.

మీరు పేపర్ వాళ్ళు, కలెక్టరు గారికీ పర్యాటక శాఖకీ మా అందరికంటే మీ మాట తొందరగా చేరుతుంది. సంక్రాంతికి బొమ్మల ఫొటోలు వేసినట్టే ఆ వసారాల ఫొటోలు కూడా ఒక ఆదివారం వెయ్యండి, వాళ్ళని అడిగి, వాళ్ళ పేర్లతో వెయ్యండి. నెలకో ఆదివారం పెడితే మొదటి ఆరు నెలలు టికెట్ టేబుల్ దగ్గర నేను కూర్చుంటాను, రిటైరయ్యాను, ఓపికుంది, భవానీపురం నుంచి బస్సుంది. నాతో పాటు ఇంకో ఇద్దరు రిటైర్డ్ టీచర్లు వస్తామన్నారు, పది పన్నెండు మంది కంటే లోపలికి పంపకుండా చూసుకునే బాధ్యత మాది, ఆ పని మాకు బాగా అలవాటు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్,
భవానీపురం, విజయవాడ